గోపిక తలమీది గడ్డల గురించి

ఉదయగిరి, మేజిస్ట్రేటు కోర్టు. 2025 జూన్ 12, గురువారం, ఉదయం పదకొండు గంటలు.

ఒక బిడ్డను భుజాన వేసుకుని నేను బస్సెక్కితే, చూసేవాళ్ళకు నేనెవరిలా కనబడతాను? ఈ ప్రశ్న చాలా ఏళ్ళుగా నాలో ఉంది. వాంగ్మూలం ఇక్కడి నుంచి మొదలుపెట్టవచ్చా అని మేజిస్ట్రేటు గారిని అడిగాను. ముందు పేరు చెప్పమన్నారు.

నా పేరు రజిని. వయసు నలభై నాలుగు. భర్త పేరు చంద్రమోహన్, వింజమూరులో హైస్కూలు టీచరు. నేను ఉదయగిరిలో జూనియర్ కాలేజీ పిల్లలకు చరిత్ర చెబుతాను. ఎం.ఏ. చదివాను. మేం బాప్టిస్టులం. మాకు పిల్లలు లేరు. ఎవరూ అడగకముందే ఈ మాట చెప్పేయడం నాకు అలవాటు. ముందే చెప్పేస్తే అడిగేవాళ్ళ మొహం చూడనక్కరలేదు.

ఇష్టం లేకపోతే ఏమీ చెప్పనవసరం లేదనీ, చెప్పింది నా మీదికే రావచ్చనీ మేజిస్ట్రేటు గారు వివరంగా చెప్పారు. ఆలోచించుకోమని బయట వరండాలో కూర్చోబెట్టారు. మా లాయరు గారు వద్దనే అన్నారు. ఆలోచించుకునే చెబుతున్నాను.

నా మీద ఫిర్యాదు ఇచ్చిన సుజన ఒకప్పుడు నా విద్యార్థిని. ఇప్పుడు మా వెనక వీధిలో ఉంటుంది. ఆమె భర్త పెంచలప్రసాద్‌కు గొర్రెల మంద ఉంది. వాళ్ళ సొంత ఊరు వరికుంటపాడు దగ్గర. ఏటా వరికోతలు అయ్యాక మందను సంగం వైపు తోలుకుపోతారు. కాలవ కింద కోసిన మళ్ళలో గొర్రెలు మేస్తాయి, రాత్రి ఆ మడిలోనే మంద కడతారు, మడికి ఎరువవుతుంది. ఈసారి వంటకని సుజన అత్తగారు ఆదిశేషమ్మ కూడా కొడుకుతో వెళ్ళింది. సుజన, పది నెలల పాప మిగిలారు. పాప పేరు గోపిక. ఆదిశేషమ్మ మాత్రం పెంచలమ్మ అనే పిలుస్తుంది.

సుజన ఇక్కడ చెక్క స్పూన్లు చేసేచోట పనికి పోతుంది. పాపను వెంట తీసుకుపోతే రంపపు పొట్టు. అందుకని మే నెల మొదట్లో పాపను నా దగ్గర వదిలింది. "మీకు సెలవులే గదా మేడమ్, సాయంత్రం దాకా చూస్తారా?" అని తనే అడిగింది. తనే అడిగిందని చెబుతున్నాను. కానీ అంతకుముందు వారం రోజులుగా, సెలవుల్లో నాకు పొద్దుపోదని ఆమె వినేటట్టు నేను చాలాసార్లు అన్నాను.

ఉదయం తొమ్మిదింటికి తెచ్చి ఇచ్చేది. సాయంత్రం ఆరుకు తీసుకుపోయేది. పాపకు నా చేతి గడియారం పట్టీ ఇష్టం. నిద్రలో కూడా దాన్ని వదలదు. అందుకని మధ్యాహ్నం పూట గడియారం తీయడం మానేశాను. పట్టీ కింద చెమటకు చర్మం ఎర్రగా పొక్కింది. మా ఆయన చూసి, "తీసి పడుకోరాదా?" అన్నారు. తీయలేదు.

పాపకు జుట్టు ఎక్కువ. మెడ దిగి రింగులు తిరిగి ఉండేది. మొదటి రోజే సుజన ఒక మాట చెప్పింది. "ఉక్కపోస్తే రబ్బరు బ్యాండ్ వేయండి మేడమ్. కత్తెర మాత్రం పెట్టొద్దు. పెంచలకోనకు మొక్కుకోనుండాం. పుట్టెంటికలు స్వామికే." నేను సరే అన్నాను. ఈ మాట ఆమె చెప్పలేదని నేను ఎక్కడా అనడం లేదు. చెప్పింది. నేను విన్నాను.

రెండో వారంలో ఒక మధ్యాహ్నం నీళ్ళు పోస్తూ తల రుద్దుతుంటే నా వేళ్ళకు గడ్డలు తగిలాయి. మెడ పైన, వెనకవైపు రెండు, శనగ గింజలంత. అవి వేలి కింద జారుతున్నాయి. కుడి చెవి పైన ఒకటి, రేగుపండంత. అది జారలేదు, గట్టిగా ఉంది. అంత జుట్టు కింద ఉంటే ఎవరికి కనబడుతుంది? తుడిచి, మళ్ళీ చూశాను. మళ్ళీ చూశాను. పాపకు అదేదో ఆట అనిపించి నవ్వింది.

ఆ సాయంత్రం సుజనకు చూపించాను. వేలు పెట్టి చూసింది. పొద్దుటి నుంచి పనిచేసి వచ్చిన మనిషి, వేలి చివర చిన్న గుడ్డ కట్టుకుని ఉంది.

"ఇయ్యా? ఉండేయే అనుకుంటా మేడమ్."

"చెవి పైనది గట్టిగా ఉంది సుజనా. డాక్టరుకు చూపిద్దాం."

ఆమె అత్తగారికి ఫోన్ చేసింది. స్పీకర్ ఆన్ చేసి చేసింది, నేనూ వింటానని. అటునుంచి గొర్రెల అరుపులు, ఆ అరుపుల మీదుగా ఆదిశేషమ్మ గొంతు.

"ఎదిగే బిడ్డకు తలకాయలో గడ్డలు రావా ఏంది? నీ మొగుడికి లేవా చిన్నప్పుడు? ఆముదం పెట్టు, అణిగిపోతాయి. ఆ టీచరమ్మ పిల్లల్ని పెంచిందా, పీకిందా? కొత్త గదా, బెదురుతాది."

సుజన స్పీకర్ ఆపింది. ఆపేసరికి మాట అయిపోయింది. "మా అత్త నోరట్లాంటిది మేడమ్. మనసులో ఏం పెట్టుకోదు," అంది. "రానీండి, వచ్చినాక చూద్దాం."

ఆమె ఎప్పుడు వస్తుందని నేను అడగలేదు.

తరవాత వారం రోజులు నేను ఫోన్‌లో చదివాను. పిల్లల తల మీద గడ్డలు అని కొడితే ఒకచోట ఏమీ కాదని ఉంటుంది, దాని కిందే చదవలేనిది ఉంటుంది. రెండు సాక్ష్యాలు ఒకదానికొకటి పొసగనప్పుడు ఏం చేయాలో నేను పిల్లలకు పాఠంగా చెబుతాను. మూడో సాక్ష్యం వెతకమంటాను. మళ్ళీ సుజనను అడిగాను. మళ్ళీ "అత్త రానీండి" అంది. గడ్డ పెరిగిందని నాకు అనిపించింది. నా వేలికి అనిపించింది. అంతకంటే రుజువు లేదు.

మే 21, బుధవారం. పది దాటాక పాల సీసా పట్టబోతూ కుడి చెవి పైన చెయ్యి పెట్టాను. పాప గట్టిగా ఏడ్చింది. అంతకుముందు అక్కడ తాకితే ఏడవలేదు. ఆకలికి కూడా ఏడ్చి ఉండవచ్చు. సీసా నోట్లో పెట్టగానే ఊరుకుంది. కానీ నేను అప్పటికే సంచి సర్దుతున్నాను. ఒక్కరోజు ప్రయాణానికి కావలసిన దానికంటే చాలా ఎక్కువ గుడ్డలు పెట్టాను. ఆ సంచి స్టేషన్లో బల్ల మీద కుమ్మరించి చూపించారు. అన్ని గుడ్డలెందుకని మేజిస్ట్రేటు గారు కూడా ఇప్పుడు అడిగారు. బిడ్డతో బయటికి వెళ్ళడం తెలియనివాళ్ళు అలాగే సర్దుతారేమో. తిరిగి వచ్చే ఉద్దేశంతోనే వెళ్ళారా అని అడిగారు. తిరిగి రావడానికే వెళ్ళాను. ఒకవైపు టికెట్టే కొన్నారు కదా అన్నారు. బస్సులో అందరూ ఒకవైపు టికెట్టే కొంటారండీ.

బస్టాండు నుంచి సుజనకు ఫోన్ చేశాను. ఒక్కసారే చేశాను. అక్కడ మిషన్ల చప్పుడుకు వినబడదని నాకు తెలుసు. ఎత్తలేదు. ఆమె పనిచేసే చోటుకు ఆటోలో వెళ్ళి చెప్పిరావచ్చు, దూరం కాదు. ఆత్మకూరు మీదుగా నెల్లూరు పోయే బస్సు నిలబడి ఉంది. ఎక్కాను.

కిటికీ పక్కన సీటు దొరికింది. పాప గడియారం పట్టీ పట్టుకుని నిద్రపోయింది. పక్కన కూర్చున్న పెద్దామె పాపను, నన్ను మార్చి మార్చి చూసింది.

"లేటుగా పుట్టిందా అమ్మా?"

నేను నవ్వాను.

"పోన్లే, ఇచ్చినాడు గదా. మా చిన్న చెల్లెలికీ ఇట్టనే. ఇంక రావులే అనుకున్నాక వచ్చె. ముక్కు అచ్చం నీదే."

పాప ముక్కు సుజన ముక్కు. ఆ మాట నేను అనలేదు. నవ్వే ఊరుకున్నాను. ఆమె దిగిపోయేటప్పుడు పాప పాదం పట్టుకుని కళ్ళకద్దుకుంది.

దారిలో రెండు ఫోన్లు వచ్చాయి. మొదటిది మా ఆయన. ఆత్మకూరు పోతున్నానని చెప్పాను.

"సుజనకు చెప్పినావా?"

"చెప్తాను."

"చెప్తాను కాదు రజినీ. చెప్పి పో. లేకపోతే దిగు."

"డాక్టరు చూసినాక చెప్తా. ఏమీ లేదంటే ఆ పిల్లను ఊరికే భయపెట్టడం ఎందుకు?"

రెండోది సుజన. పేరు కనబడింది. పాప నిద్రలేస్తుందని ఎత్తలేదు. అదే కారణమని అప్పుడు అనుకున్నాను. ఫోన్ మాట్లాడేందుకు పాప లేవాల్సిన పనిలేదు, ఇంకో చెయ్యి ఖాళీగానే ఉంది. ఫోన్ ఆగిపోయేదాకా ఆ పేరు చూస్తూ ఉన్నాను.

ఆత్మకూరులో పిల్లల డాక్టరు విజయకుమారి గారి దగ్గరికి వెళ్ళాను. జనం ఉన్నారు. మా వంతు వచ్చేసరికి ఒంటిగంట అయింది. బల్ల దగ్గర చీటీ రాసే నర్సు చిన్నపిల్ల, మా కాలేజీ పిల్లల వయసే ఉంటుంది. పాప పేరు రాసుకుంది. తలెత్తి నన్ను చూసింది.

"మీరు అమ్మా, అమ్మమ్మా?"

మామూలుగానే అడిగింది. ఎగతాళి లేదు.

"అమ్మను," అన్నాను.

ఆ మాట నేను అన్నాను. నోరు జారి కాదు. పక్కింటిదాన్ని, తల్లి పనిలో ఉంది అని అంటే వాళ్ళు చూడకపోయేవాళ్ళు కాదు. ఒంటిగంట ఎండలో పాపను తెచ్చినదాన్ని ఎవరు పొమ్మంటారు? అమ్మను అన్నాను.

డాక్టరు గారు నిదానంగా చూశారు. వెనకవి రెండూ వేలితో జరిపి చూసి, "ఇవి గ్రంథులు. తలలో పొక్కులు, పేలు ఉంటే పిల్లలకు వస్తాయి. భయపడాల్సినవి కావు," అన్నారు. చెవి పైనదాని మీద చాలాసేపు వేలు ఉంచారు.

"ఇది ఎముకకు అంటుకుని ఉందమ్మా. కాన్పు ఎలా అయింది?"

నాకు తెలియదు.

"మామూలే," అన్నాను.

"మిషన్ పెట్టి లాగలేదు కదా? పుట్టినప్పుడు తల మీద వాపేమైనా ఉందా?"

"లేదండీ."

"ఎక్కడైనా పడిందా?"

"లేదు."

మూడు జవాబులు చెప్పాను. మూడోది ఒక్కటే నాకు తెలిసి చెప్పింది, అదీ నా దగ్గరున్న వేళల వరకు. పుట్టినప్పటి వాపు లేదంటే ఇది వేరే ఏదో చూడాలి అని ఆమె తనలో తాను అనుకున్నట్టు అన్నారు. అప్పుడు నేను నోరు తెరవాలి. తెరిచాను కూడా. సరిగ్గా అప్పుడే నర్సు వచ్చి, "తల్లీ, చెవి పైన కొంచెం జుట్టు తీస్తాం. చర్మం కనబడాలి. పర్వాలేదు కదా?" అంది.

పర్వాలేదన్నాను.

నాకు గుర్తు రాలేదు. నిజంగా గుర్తు రాలేదు. మా ఇళ్ళలో పుట్టు వెంట్రుకలకు మొక్కులు లేవు. పిల్లలకు ఎప్పుడు ఉక్కపోస్తే అప్పుడు కత్తిరిస్తారు. తల్లయితే వెంటనే ఒప్పుకుంటుంది, సందేహించదు అనుకున్నాను. ఈ పాప తల్లయితే ఆగమనేది. మొక్కుందమ్మా, కత్తెర పెట్టొద్దు, జుట్టు పాయదీసి చూడండి అనేది. వాళ్ళు అలాగే చూసేవాళ్ళు. అరచెయ్యంత మేర గీశారు. రింగులు దూది మీద పడ్డాయి. దూదిని బుట్టలో వేశారు. అక్కడి తెల్లటి చర్మం కింద గడ్డ మామూలుగా, ఏ రంగూ లేకుండా ఉంది. నేను భయపడినట్టు లేదు. ఏమీ కానిదిలా కూడా లేదు.

పాప ఏడుపు అందుకుంది. సీసాలో పాలు విరిగిపోయాయి. "పాలియ్యండమ్మా, ఆ తెర వెనక కూర్చోండి," అంది నర్సు. తెర వెనక స్టూలు మీద కూర్చున్నాను. పాప నా జాకెట్టు మీద మొహం పెట్టి అటూ ఇటూ తిప్పింది. గుప్పిట్లో చీర పట్టుకుని వెతికింది. నేను కదలకుండా కూర్చున్నాను. ఆ కాసేపు ఎంతసేపో నాకు తెలియదు. డాక్టరు గారే తెర పక్కకు తీసి లోపలికి వచ్చారు. పాపను చూశారు. నన్ను చూశారు. ఆమెకు అర్థమైంది.

"ఇప్పుడైనా చెప్పండి. మీరెవరు?"

చెప్పాను. ఆమె కోపపడలేదు. కోపపడితే బాగుండేది. "కాన్పు గురించి నేనడిగింది ఊరికే కాదమ్మా. గడ్డ సంగతి సగం ఆ జవాబులోనే ఉంటుంది," అన్నారు. నెల్లూరులో స్కాన్ చేయించాలనీ, తల్లిని తీసుకురావాలనీ, ముందు ఆమెకు ఫోన్ చేయమనీ చెప్పారు. నర్సును పంపి పాల పొడి తెప్పించి పాపకు పట్టించారు.

ఫోన్ తీస్తే సుజన పేరు మీద చాలా కాల్స్ ఉన్నాయి. మధ్యాహ్నం తిండికి ఇంటికొచ్చి, మా తలుపుకు తాళం చూసి, ఇరుగుపొరుగును అడిగి, స్టేషన్‌కు పోయిందట. నేను చేసేసరికి ఆమె ఏడుస్తూ ఉంది. ఆత్మకూరు బస్టాండులో ఉంటానని చెప్పాను. సంగం ఆత్మకూరుకు దగ్గర కాబట్టి సుజన బయలుదేరేలోపే పెంచలప్రసాద్, ఆదిశేషమ్మ ఆటోలో వచ్చారు.

ఆదిశేషమ్మ పాపను నా చేతుల్లోంచి తీసుకుంది. పాప పట్టీ వదల్లేదు. ఆమె పాప వేళ్ళు ఒక్కొక్కటే విడదీసింది. అప్పుడు తల చూసింది.

"ఏం టీచరమ్మా, ఎంటికలేయి?"

చెప్పాను.

"గీసినారా? పెంచలకోన సామికి మొక్కిన ఎంటికలు గీసినారా? ఎవురు గీయమన్నారు?"

"నేనే."

"నువ్వెవురు?"

బస్టాండులో జనం చుట్టూ చేరారు. ఎవరో పిల్లల్ని ఎత్తుకుపోయేదని అన్నారు. పెంచలప్రసాద్ వాళ్ళను తప్పుకోమన్నాడు. అతను ఒక్కడే నన్నొక మాట అడిగాడు.

"డాక్టరమ్మ ఏమనింది మేడమ్?"

చెప్పాను. అతను పాప చెవి పైన వేలు పెట్టి, తీసి, మళ్ళీ పెట్టాడు. "గొర్రెకైతే చెప్తా. బిడ్డకు నాకు తెలవదు," అన్నాడు.

ఆదిశేషమ్మ వినలేదు. "ఆ ఎంటికలు యాడేసినారో చూపించు, పా," అంది. ముగ్గురం తిరిగి ఆస్పత్రికి వెళ్ళాం. బుట్ట ఇంకా పారేయలేదు. నర్సు చేతికి గ్లవ్స్ ఇస్తే ఆదిశేషమ్మ వద్దంది. కొంగు నడుముకు దోపి, ఉత్త చేతులతో దూది ఒక్కొక్కటే విప్పి, రింగులు ఏరింది. "సామీ, చిన్నబిడ్డ సామీ, బిడ్డ తప్పు లేదు సామీ," అని పైకే అనుకుంటూ ఏరింది. నేను పక్కన వంగి ఒక రింగు తీసి ఇవ్వబోయాను. "నువ్వు ముట్టబాక," అంది. దొరికినంత కొంగున మూటగట్టింది.

పాపతో అందరం ఉదయగిరికి తిరిగి వచ్చాం, ఆ సాయంత్రం స్టేషన్‌లో సుజనను చూశాను. పాప ఆమె ఒళ్ళో నిద్రపోతూ ఉంది. ఎస్సై గారు రాజీ పడమన్నారు. "తెలిసినోళ్ళే గదమ్మా, చదువు చెప్పిన మేడమే గదా," అన్నారు.

సుజన ఆయనతో మాట్లాడలేదు, నాతోనే మాట్లాడింది. "అడిగుంటే నేనే తీసుకోనొచ్చేదాన్ని మేడమ్."

"అడిగాను సుజనా. రెండుసార్లు అడిగాను."

"అడిగినారు. అత్త రానీండి అన్నాను. వద్దన్నానా?"

సుజన పాప చెవి పైన వేలు పెట్టింది.

"మిషన్ పెట్టే లాగినారు మేడమ్, పురుట్లో. ఈ పక్కనే. ఇంత బుడిపె ఉండె. తగ్గిపోతాదిలే అన్నారు, నేను మర్చిపొయినా. నన్నడిగుంటే ఆ డాక్టరమ్మకు చెప్పేదాన్ని గదా. మీకెట్ట తెలస్తాది?" గొంతు తగ్గించి, "ఆస్పత్రిలో అమ్మనని చెప్పినారంట. చెప్పినప్పుడు ఎట్టుండె మేడమ్?" అంది.

స్టేషన్‌లో ఆ ప్రశ్నకు నేను జవాబివ్వలేదు. ఇక్కడ ఇస్తున్నాను. బాగుంది. చాలా బాగుంది.

మర్నాడు డాక్టరు గారికి ఫోన్ చేసి మిషన్ సంగతి చెప్పాను. పుట్టినప్పుడు గడ్డకట్టిన రక్తం అలాగే గట్టిపడి ఉండవచ్చు, అదే అయితే దిగులు లేదు అన్నారు. ఇన్ని నెలలకు కూడా ఉంది కాబట్టి ఒకసారి చూడక తప్పదని కూడా అన్నారు. ఇది చెప్పడానికి వాళ్ళింటికి వెళితే, కోడలి దగ్గరే ఉండిపోయిన ఆదిశేషమ్మ తలుపు తీయలేదు. పెంచలప్రసాద్ మంద దగ్గరికి తిరిగి వెళ్ళిపోయాడు. నా మాట మీద నెల్లూరు పోయేది లేదని సుజన అన్నట్టు ఇరుగుపొరుగు చెప్పారు. ఆ రోజు నుంచి నాకున్న భయం కేసు గురించి కాదు. ఆ గడ్డ ఒకవేళ నిజంగా చూపించాల్సిందే అయితే, నేను చెప్పాను కాబట్టే వాళ్ళు చూపించకుండా పోతారేమోనని. నేను ఈ వాంగ్మూలం ఇవ్వడానికి ఒప్పుకున్నది అందుకే. నా మీద ఏం రాసుకున్నా రాసుకోండి, పాపను మాత్రం నెల్లూరుకు పంపించండి అని మేజిస్ట్రేటు గారిని అడుగుదామని వచ్చాను.

ఆ అవసరం లేకపోయింది. ఈ ఉదయం నన్ను ఆలోచించుకోమని కూర్చోబెట్టిన వరండాలోనే సుజన ఉంది. పాప ఒళ్ళో ఉంది. పాపకు గుండు. మిగిలిన జుట్టు ఆలస్యం చేయకుండా పెంచలకోనలో ఇచ్చి వచ్చారట. గుండు మీద గంధం ఆరి పొరలుగా లేస్తూ ఉంది. చెవి పైన గడ్డ అందరికీ కనబడుతూ ఉంది. వెతకనక్కరలేదు. కోర్టుకొచ్చినవాళ్ళు కూడా చూస్తున్నారు. సుజన మాటిమాటికీ ఆ గడ్డ మీద చెయ్యి పెట్టి కప్పుతూ ఉంది.

పాప నన్ను చూసి రెండు చేతులూ చాపింది. నేను లేవలేదు. సుజన నన్ను చూసింది.

"సోమవారం నెల్లూరు పోతుండాం మేడమ్. గుండు చేసినాక మా అత్తే అనింది, పోదామని. కనబడతా ఉంటే ఆమెకూ భయంగానే ఉండాది."

"మంచిది సుజనా."

"మీరు రాబాకండి."

"రాను."

పాప చేతులు దించి, తల్లి చేతి గాజులు నోట్లో పెట్టుకుంది. లోపలికి పిలిచారు, వచ్చాను.

నేను కోరింది జరుగుతోంది. అయినా రాబాకండి అన్న మాట దగ్గరే ఉండిపోయాను. ఇప్పుడు మేజిస్ట్రేటు గారు, ఇంకేమైనా చెప్పాలా అని అడిగారు. ఒకటుంది.

రోజూ ప్రార్థన చేస్తున్నాను, ఆ గడ్డ ఏమీ కాదని తేలాలని. తేలితే పాప బాగుంటుంది. అప్పుడు నేను చేసినదానికి కారణం మిగలదు. ఉట్టినే ఒకామె బిడ్డను ఎత్తుకుని బస్సెక్కినదాన్ని అవుతాను. ఏదో ఉందని తేలితే నేను సమయానికి చూపించినదాన్ని అవుతాను, వాళ్ళు నన్ను మళ్ళీ పిలుస్తారు. ఆ ఆలోచన రాగానే ప్రార్థన ఆపేస్తున్నాను. మళ్ళీ మొదలుపెడుతున్నాను. ఏమీ కాకూడదనే పైకి అంటున్నాను. లోపల ఏది అంటున్నానో నాకు తెలియడం లేదు. పాప కోసం వెళ్ళానా, నా కోసం వెళ్ళానా అన్నది దీనికంటే తేలిక ప్రశ్న. అది కూడా తేలలేదు.

గుమాస్తా గారు ఇదంతా నాకు చదివి వినిపించారు. ఒకచోట "బాగుంది" అన్న మాటను తీసేయమంటారా అని అడిగారు, ఉంచమన్నాను. ఎవరూ నన్ను బెదిరించలేదు, ఆశ పెట్టలేదు. జరిగిన సంగతులు జరిగినట్టే చెప్పాను, వాటికి నేను జవాబుదారీ. నా మనసు సంగతి మాత్రం తేలలేదు, తేలలేదనే రాయించాను.

(సంతకం)
రజిని